ఏరేటర్లు కొంటున్నారా? కాలిన మోటారు కొట్టువాడి చేతికిచ్చే ముందు ఇది చదవండి

కాళ్ల, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు తయారుచేసుకుని సీడ్ (రొయ్య పిల్లలు) కోసం చూస్తున్నవాళ్లంతా ఒకసారి చదవండి. భీమవరం చుట్టుపక్కల ఒక కొట్టులో రెండు హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లను చిలికి ఆక్సిజన్ అందించే చక్రాల యంత్రాలు, అమ్ముతున్నారు. "ఫుల్ కాపర్ వైండింగండీ (మోటారులో చుట్టిన తీగంతా రాగిదే అని), ఏడాది వారంటీ" అని గట్టిగా చెప్పి మరీ ఇస్తారు. నేను నాలుగు తీసుకున్నాను. కల్చర్ (రొయ్యల సాగు) సగంలో ఉండగానే రెండు మోటార్లు ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కొట్టు పేరు ఇక్కడ రాయను.

చెరువు ఉన్నవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. రాత్రిపూట ప్లాంక్టన్ కూడా రొయ్యతో పాటే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) అడుగంటుతుంది, మబ్బు పట్టిన రోజైతే మరీను. రొయ్య పైకి తేలుతోందని కాపలా కుర్రాడు ఫోన్ చేశాక వారంటీ కార్డు వెతుక్కుంటూ కూర్చోలేం. పక్క చెరువు బాబాయి తన స్పేర్ ఏరేటర్ ఇవ్వబట్టి పంట నిలబడింది.

కొట్టుకు వెళ్తే మొదటి మాట "వోల్టేజి ప్రాబ్లమండీ, మోటారుది కాదు". అదే లైను మీద, అదే ప్యానెల్ బోర్డు నుంచి నా పాత మోటార్లు శుభ్రంగా తిరుగుతున్నాయి. కొత్తవి మాత్రమే ఎందుకు కాలాయంటే జవాబు లేదు. ఈ పాయింటు మీకూ పనికొస్తుంది. కాలిన రోజే పాత మోటార్లు తిరుగుతున్నట్టు, బోర్డు మీద వోల్ట్‌మీటరు రీడింగు కనిపించేట్టు వీడియో తీసి పెట్టుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాతే. "ఇక్కడ వదిలెయ్యండి, కంపెనీకి పంపిస్తాం" అంటారు. రసీదు లేకుండా వదిలారో, మీ సాక్ష్యం మీ చేత్తోనే ఇచ్చేసినట్టు. మా ఊరాయన ఒకరు అలాగే వదిలి వస్తే, తిరిగొచ్చిన మోటారు మీద నంబరు ప్లేటే వేరు. పాతదానికి రీవైండింగ్ చేసి, అంటే తీగ మళ్లీ చుట్టి, రంగు వేసిన సరుకు అది. నేను మోటారు నంబరు రాసి, ఫొటో తీసి, 'అందుకున్నాం' అని సంతకం అడిగాను. వాళ్లు సంతకం పెట్టలేదు, నేను మోటారూ ఇవ్వలేదు. కోపంతో మనమే రీవైండింగ్ షాపులో విప్పించినా ఇబ్బందే. "మీరు విప్పారుగా, వారంటీ పోయింది" అంటారు. అందుకని ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను, ఫలానా రోజు విప్పిస్తున్నాం, మీ మనిషిని పంపండి అని. ఎవరూ రాలేదు. వీడియో తీస్తూ విప్పించాం. తీగ పైపూత రాగి రంగే, బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం. రెండోది మాత్రం విప్పకుండా సీలు వేసి ఉంచాను. లోపం పరీక్షిస్తే గానీ తేలదనుకుంటే, మనం ఫిర్యాదు వేసే జిల్లా వినియోగదారుల కమిషనే వస్తువుకు సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. ఆ పరీక్ష ఫీజు ముందు మనమే కట్టాలి, అది గుర్తుంచుకోండి.

నోటీసు వెళ్లాక కొట్టువాళ్ల స్వరం మారింది. "మీరు వ్యాపారానికి కొన్నారు, మీకు కన్స్యూమర్ కేసు పడదు." ఈ మాటకే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని ఉన్న మాట నిజమే. కానీ అక్కడే వివరణ కూడా ఉంది: బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధికి మాత్రమే కొని వాడుకునేది వాణిజ్యం కిందకు రాదు. యంత్రం నడపడానికి ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నాసిరకం విత్తనాల మీద మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో, రైతు వినియోగదారుడేనని 2012లో తీర్పిచ్చింది. విత్తనం మొత్తం చల్లేసిన రైతు ల్యాబుకు శాంపిల్ ఎక్కడి నుంచి తెస్తాడని కూడా అంది. రెండు మూడు ఎకరాల చెరువు సొంతంగా చూసుకునేవాళ్లు భయపడక్కర్లేదు. వందల ఎకరాలు లీజుకు తీసుకుని కంపెనీలా నడిపేవాళ్ల సంగతి వేరు, వాళ్లు లాయరును అడగడం మంచిది.

బిల్లు కింద రెండు ముక్కలు అచ్చేసి ఉంటాయి చూడండి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' ఒకటి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. రెండో ముక్క 'వివాదాలు విజయవాడ కోర్టుల పరిధిలో మాత్రమే'. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న చోటో, పని చేసుకునే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ ముక్క చూసి బస్సెక్కాల్సిన పని లేదు.

చెల్లించిన ధర 50 లక్షలలోపు అయితే జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, తెలుగులో మాట్లాడతారు. నా విషయంలో దానికి కొట్టువాళ్లు లొంగలేదు గానీ, చాలాచోట్ల ఆ ఒక్క ఫోనుకే పని అవుతుందని విన్నాను. కమిషన్‌లో మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాయిదాలు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు, అంత త్వరగా అవుతుందని ఆశ పెట్టుకోకండి. మోటారు డబ్బు, ఖర్చులు అడగడం తేలికే. పంట నష్టం మొత్తం రాబట్టాలంటే మాత్రం డీవో రికార్డు, మేత పుస్తకం, పట్టుబడి లెక్కలు అన్నీ చూపించి, మోటారు వల్లే పోయిందని నిరూపించాలి.

కొనేటప్పుడు 'బిల్లు లేకపోతే జీఎస్టీ తగ్గిద్దాం' అంటే ఆ బేరానికి దిగకండి. ఎస్టిమేట్ చీటీ మీద కాదు, పక్కా బిల్లు మీద మోటారు నంబరు, 'కాపర్ వైండింగ్' అన్న మాట రాయించుకోండి. నోటితో అంత గట్టిగా చెప్పేవాళ్లు ఆ రెండు మాటలు రాయమంటే నసుగుతారు, అక్కడే సగం తెలిసిపోతుంది. ఫోన్‌పే చేస్తే బిల్లు మీదున్న పేరు గల ఖాతాకే చెయ్యండి. వాళ్ల బావమరిది నంబరుకు కాదు.

లోపం బయటపడ్డ దగ్గర్నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి. ఇదే రకం కొన్నవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారని తెలుసు. ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లు చాలామంది ఉంటే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు. మోటారు విప్పించకుండా, నంబరు ప్లేటు ఫొటో, బిల్లు ఫొటో నాకు మెసేజ్‌లో పంపండి.