‘అప్పుడు నేను ఆ సీట్లో లేను’ అంటే చెల్లదు: ఆర్థిక జవాబుదారీ శిక్షణ, కొన్నేళ్ల తర్వాత

సీనియర్ అధికారులకు పెట్టే ఆర్థిక జవాబుదారీ శిక్షణలో ఒక్క పూట కోసం మిగతా క్లాసులన్నీ ఓపిగ్గా కూర్చుని వినొచ్చు. ఆ పూట జరిగేది నమూనా పీఏసీ విచారణ, అంటే ప్రభుత్వ ఖర్చుల మీద అధికారులను ప్రశ్నించే చట్టసభ కమిటీ (పబ్లిక్ అకౌంట్స్ కమిటీ) విచారణకు రిహార్సల్. నేను ఆ శిక్షణకు వెళ్లొచ్చి కొన్నేళ్లయింది. పోస్టింగులు మారాయి, శాఖ కూడా మారింది. ఇప్పటికీ ఖర్చుకు సంబంధించిన ఫైలు మీద సంతకం పెట్టబోయే ముందు ఆ గదే గుర్తొస్తుంది. కోర్సు చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిన మాటల మీద నాకు నమ్మకం లేదు. నాలుగు మార్చి నెలలు గడిస్తే గానీ ఇలాంటి శిక్షణ విలువ తెలీదు.

కేంద్రం ఖర్చుల నియమావళి జీఎఫ్ఆర్ 2017, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ గురించిన రాజ్యాంగంలోని 148 నుంచి 151 వరకు అధికరణాలు, టెండర్ల పద్ధతి, ఇవన్నీ ఎవరికి వారు చదువుకోగలిగినవే కాబట్టి వదిలేస్తున్నా. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. చేతిలో పెట్టింది కేంద్రం జీఎఫ్ఆర్ పుస్తకం. మేము రోజూ తిరగేసేది రాష్ట్రం ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్. రెంటికీ పోలిక చూపించే నాలుగు పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక విచారణ. ప్రతి ఒక్కరికీ వేరే శాఖకు చెందిన పాత ఆడిట్ పేరా (ఆడిట్ రిపోర్టులోని అభ్యంతరం) ఒకటి ఇస్తారు. ఆ శాఖాధిపతి హోదాలో కూర్చుని జవాబు చెప్పాలి. ఎదురుగా కమిటీ సభ్యుల స్థానాల్లో ఆడిట్‌లో పనిచేసి రిటైరైన వాళ్లు. మా బ్యాచ్‌లో ఒకావిడకు ఏసీ బిల్లు (వివరాలు తర్వాత ఇస్తామని ముందే సొమ్ము తీసుకునే బిల్లు) పేరా వచ్చింది. సొమ్ము డ్రా చేశారు, ఖర్చు వివరాలు చూపే డీసీ బిల్లు ఏళ్ల తరబడి పెట్టలేదు. ఆవిడ మొదలుపెట్టడమే, ‘ఈ వ్యవహారం జరిగినప్పుడు నేను ఈ సీట్లో లేను సర్’ అన్నారు. చైర్మన్ స్థానంలో ఉన్న పెద్దాయన పెన్ను కింద పెట్టి, ‘సభ డబ్బిచ్చింది శాఖకమ్మా, మనిషికి కాదు. మీరొచ్చాక దీని మీద ఏం చేశారో అది చెప్పండి’ అన్నారు. గదిలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు.

అసలు కమిటీ ముందూ ఇంతే. మన దేశంలో పీఏసీ 1921 నుంచి ఉంది. 1967 నుంచి పార్లమెంటులో దాని అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. కాగ్ రిపోర్టు సభలో పెట్టి, కమిటీ దాన్ని చేపట్టేసరికి ఆ ఖర్చు పెట్టిన అధికారి బదిలీ అయిపోయుంటాడు, లేదా రిటైరైపోయుంటాడు. కుర్చీలో ఉన్నవాడే చెప్పుకోవాలి. ఈ సంగతి చదివితే అర్థమవుతుంది, పరాయి శాఖ పేరాకు నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు ఒంటబడుతుంది.

నా వరకు దాని ఫలితం ముందుగా చార్జి తీసుకునే రోజున కనబడింది. ఇప్పుడు సీటీసీ (చార్జి మార్పిడి పత్రం) మీద సంతకం పెట్టిన పూటే అకౌంట్స్ సెక్షన్‌ను కూర్చోబెట్టుకుంటా. డీసీ బిల్లులు పెట్టని ఏసీ బిల్లులు, రావాల్సిన యూసీలు (నిధుల వినియోగ ధ్రువపత్రాలు), ఏజీ (అకౌంటెంట్ జనరల్) తనిఖీ నివేదికల్లో మిగిలిపోయిన పేరాలు, ఆఫీసు పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలన్నీ అడుగుతా. ఒక ఆఫీసులో ఎప్పుడో ఆగిపోయిన పథకం ఖాతా ఇలాగే బయటపడింది. పాస్‌బుక్ బీరువా అడుగున ఉంది, దానికి చుట్టిన రబ్బరు బ్యాండు కరిగి అట్టకు అంటుకుపోయింది. ఖాతాలో వడ్డీ మాత్రం పడుతూనే ఉంది. అసలూ వడ్డీ కలిపి చలానా కట్టించి ఖాతా మూయించాను. మూసేదాకా నిద్రపట్టలేదంటే నమ్మండి.

కానీ ఈ శిక్షణ నిజంగా అక్కరకొచ్చింది ఒక మార్చి నెలలో. అప్పుడు హాస్టళ్లకు మంచాలు కొనాలి. నిధులు ఆలస్యంగా విడుదలయ్యాయి, సరఫరా మొదలైందే నెల మధ్యలో. ఏడాది ముగిసేలోగా మొత్తం సరుకు రాదని తేలిపోయింది. పైనుంచి ఫోనొచ్చింది: ‘మిగిలింది ఏజెన్సీ ఖాతాకు జమ చేసేయండి, సరుకు నిదానంగా తీసుకుందాం, లేకపోతే డబ్బు ల్యాప్స్ అయిపోతుంది.’ ఆయన ఉద్దేశంలో తప్పులేదు. పిల్లలకు మంచాలు రావాలనే ఆయన తాపత్రయం. అయితే ఏడాది ముగిసి నిధులు రద్దయిపోకూడదని, అంటే ల్యాప్స్ కాకూడదని, సొమ్ము డ్రా చేసి బయట పెట్టడం ట్రెజరీ కోడ్ ఒప్పుకోదు. ఏడాది చివర్లో హడావుడిగా ఖర్చు చూపించడం ఆర్థిక మర్యాదకు భంగమని జీఎఫ్ఆర్ 62(3) నియమం నేరుగానే చెబుతుంది.

విచారణ పూట నేర్పిన పద్ధతిలోనే నోటు రాశాను. వచ్చిన సరుకెంత, రావాల్సిందెంత, ఇప్పుడు జమ చేస్తే రేపు ఏ ప్రశ్న వస్తుంది, చేయదగిన పనులేమిటి. చివర్లో, ఫోనులో ఇచ్చిన సూచనను ఉటంకిస్తూ ‘రాతపూర్వక ఆదేశాల కోసం సమర్పించడమైనది’ అన్నాను. నోటి మాటగా వచ్చిన ఆదేశాన్ని రాతలో ఖరారు చేయించుకోవాలని అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి 3(3) చెబుతుంది. అది సరిగా అమలయ్యేలా చూడమని 2013లో టీఎస్ఆర్ సుబ్రమణ్యన్ కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు గురించి నాకు తెలిసిందే ఈ శిక్షణలో.

ఫైలు ‘ప్లీజ్ స్పీక్’ అని తిరిగొచ్చింది. వెళ్లి మాట్లాడాను. కోప్పడతారనుకుంటే, ఆయన నోటు మొత్తం మళ్లీ ఒకసారి చదివి, ‘ఇది రేపు నాక్కూడా పనికొస్తుంది’ అన్నారు. చర్చ సారాంశం అదే నోటు కింద తేదీతో రాసి పంపాను. వచ్చిన సరుకు వరకు చెల్లించమని, మిగతాది సరెండర్ చేసి (ప్రభుత్వానికి వెనక్కిచ్చి) వచ్చే ఏడాది బడ్జెట్‌లో అడగమని ఆదేశం వచ్చింది. తర్వాత ఆడిట్ పార్టీ ఆ పద్దు మీద హాఫ్ మార్జిన్ (వివరణ కోరే ప్రాథమిక ప్రశ్న) ఇస్తే ఫైలే జవాబుగా పెట్టాం. పేరా రాలేదు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ శిక్షణకు నూటికి నూరు మార్కులు వేసేవాణ్ణి. కానీ సరెండర్ చేసిన సొమ్ము మరుసటి ఏడాది బడ్జెట్‌లో వచ్చినా, రిలీజ్ ఆర్డరు వచ్చేసరికి చలికాలం వెళ్లిపోయింది. కొన్ని హాస్టళ్లలో పిల్లలు నేల మీదే పడుకున్నారు. ప్రతి సమీక్షలోనూ ఒక వార్డెన్ లేచి ‘మంచాలెప్పుడు సార్’ అని అడిగేవాడు. నా నోటు సరైనదే, ఇప్పుడైనా అదే రాస్తాను. అయినా డబ్బు పక్కదారి పట్టకుండా ఆపడం జవాబుదారీలో సగమే. మిగతా సగం, ఆ డబ్బు వేళకు చేరడం. ఆ నమూనా కమిటీ దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పథకం ఫలితమిచ్చిందా అని చూసే కాగ్ పెర్ఫార్మెన్స్ ఆడిట్‌లు అడిగేది సరిగ్గా ఈ సగాన్నే. ఆ పేరాలు కూడా విచారణలోకి తేవాలి. డిసెంబరులోనే సరఫరాల లెక్క తీసి రీ-అప్రాప్రియేషన్‌కు (నిధులను ఒక పద్దు నుంచి మరో పద్దుకు మార్చడానికి) కదలడం నేర్పితే, మార్చిలో అలాంటి నోటు రాసే అవసరమే తగ్గుతుంది.

ఇంకోటి. నా పైఅధికారి చదివే మనిషి కాబట్టి ఆ నోటు పనిచేసింది. నాతోపాటు శిక్షణ తీసుకున్న ఒకరు వేరేచోట దాదాపు ఇలాంటి నోటే రాశారు. ఫైలు తిరిగి రాలేదు, బదిలీ ఉత్తర్వు వచ్చింది. రెంటికీ సంబంధం ఉందని నేను చెప్పలేను. కానీ అలాంటి రోజున ఏం చేయాలో క్లాసులో ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడి ఉండాల్సింది.

తెలుగు నేల మీద జరిగే ఈ శిక్షణలో, పనుల లెక్కలను జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీ ఊసు లేకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. మండల ప్రజావేదికలో ఒక కూలీ మస్టరు (హాజరు పట్టీ) పట్టుకుని ‘ఈ వేలిముద్ర నాది కాదు’ అన్నప్పుడు వేదిక మీదున్న అధికారి ఏం జవాబు చెప్పాలి? పీఏసీ విచారణ ఒక పూట పెడితే, ప్రజావేదిక ఇంకో పూట పెట్టాలి. అది తెలుగులో జరగాలి.

వెళ్లొచ్చా అంటే, శాఖాధిపతి స్థాయిలో ఉండి, పక్కన అకౌంట్స్ ఆఫీసరు ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. నేను అలాంటి చోటే ఉన్నాను, నా మెప్పుకోలులో సగం అందువల్ల కావచ్చు. జిల్లాలో కొత్తగా డీడీఓ (బిల్లులు డ్రా చేసి చెల్లించే) అధికారాలు వచ్చి, సెక్షన్‌లో సగం సీట్లు ఖాళీగా ఉన్నవాళ్లకైతే ముందు క్యాష్‌బుక్, ట్రెజరీ లెక్కలతో సరిచూసుకోవడం నేర్పే చిన్న కోర్సే మేలు, సూపరింటెండెంటును వెంటబెట్టుకుని మరీ. ఏది ఎంచుకున్నా నామినేషన్ జూన్, జులైల్లోనే వేయించుకోండి. జనవరి దాటాక వెళ్తే మనసంతా ఆఫీసులోని బిల్లుల మీదే ఉంటుంది.