విండోస్ 11 నోటిఫికేషన్లు: శుభలేఖల షాపులో ఏళ్లుగా వాడిన మీదట

పర్లాకిమిడిలో మాది డీటీపీ, శుభలేఖల షాపు. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా వేసే కార్డులే ఎక్కువ. కాశీనగర్ నుంచే కాదు, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా పార్టీలు వస్తుంటాయి. డిజైన్ చేసే సిస్టమ్‌కి ఇంకో మానిటర్ తగిలించి కస్టమర్ వైపు తిప్పి పెట్టాం. ప్రూఫ్ అందులోనే చూసుకుంటారు. అందుకే నోటిఫికేషన్ ఎప్పుడు రావాలి, ఎలా కనబడాలి అన్నది మాకు చాలా పెద్ద విషయం.

మంచి ముందు చెబుతాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే నోటిఫికేషన్లు పైకి రాకుండా ఆపే 'డు నాట్ డిస్టర్బ్' దానంతటదే ఆన్ అయ్యే సందర్భాలు కనిపిస్తాయి. డిస్‌ప్లే డూప్లికేట్ చేసినప్పుడు, అంటే రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ కనబడేలా పెట్టినప్పుడు, అన్నది వాటిలో ఒకటి. మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. పెళ్లికూతురు తండ్రి పక్కన కూర్చుని ఇంటిపేరు దిద్దిస్తుంటారు. సరిగ్గా అప్పుడే కుడివైపు కింద వేరే కస్టమర్ పేరుతో "బాకీ వచ్చే నెల ఇస్తాను, మా వాళ్లకి తెలియనివ్వకండి" అని మెసేజ్ పడిందనుకోండి. చిన్న ఊరు, అందరూ చుట్టాలే. "బాబూ, ఈయన మా తోడల్లుడే కదా?" అని అడిగితే ఏం చెబుతాం? ఈ సెట్టింగ్ ఉంటే ఆ మెసేజ్ పైకి రాదు, లోపల నోటిఫికేషన్ సెంటర్లో ఉంటుంది. తర్వాత విండోస్ కీ, ఎన్ కలిపి నొక్కి చూసుకుంటాను. ఒక్క జాగ్రత్త: రెండో మానిటర్‌ని 'ఎక్స్‌టెండ్'లో, అంటే విడి స్క్రీన్‌గా, పెడితే ఈ రూల్ వర్తించదు, నోటిఫికేషన్ సెంటర్లోని గంట గుర్తు చేత్తో నొక్కుకోవాలి.

ఇక బ్యానర్, అంటే స్క్రీన్ మూలన పైకి వచ్చే కబురు పెట్టె, కనబడే టైమ్. మామూలుగా ఉండేది 5 సెకన్లు. కుర్చీలో ఉన్నవాడికి అది సరిపోతుంది, కానీ ప్రింటర్లో పేపర్ అయిపోయిందన్న కబురు కావలసింది కటింగ్ మెషిన్ దగ్గర నిలబడ్డవాడికి. యాక్సెసిబిలిటీలో విజువల్ ఎఫెక్ట్స్‌కి వెళ్తే దీన్ని 5 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. నేను ఒక నిమిషం పెట్టుకున్నాను. నోటిఫికేషన్ల పేజీలో కాకుండా అక్కడ ఉండటం వల్ల ఇది చాలామంది కంట పడదు. విండోస్‌కి బదులు వాడే లైనక్స్ డెస్క్‌టాప్‌ల పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది: అక్కడ యాప్ తన కబురుకి తక్కువ, మామూలు, అత్యవసరం అని స్థాయి ఇస్తుంది. అత్యవసరం అన్నది మనం తీసేదాకా దానంతటది పోకూడదన్నది నియమం.

అసలు తలనొప్పి యాప్‌లతోనే. మేం వాడిన ఒక పీడీఎఫ్ యాప్ ఫైల్ సేవ్ అయిందని చెప్పేది, అదీ దాని విండో నా కళ్ల ముందే తెరిచి ఉన్నప్పుడు! విండో ముందుందో వెనకుందో యాప్‌కి తెలుస్తుంది. ముందుంటే అక్కడే చిన్న టిక్ పెడితే చాలు, వెనకుంటేనో మనిషి లేచి వెళ్లాడనిపిస్తేనో బ్యానర్ పంపాలి. అంతకంటే కోపం తెప్పించేది, ఫైల్ పాడైందన్న హెచ్చరికా, డిస్కౌంట్ ఆఫరూ ఒకే దారిలో రావడం. విండోస్ సెట్టింగ్స్‌లో స్విచ్ యాప్ మొత్తానికి ఒక్కటే. ఆఫర్లు భరించలేక ఆపేస్తే హెచ్చరికలూ పోతాయి. ఫోన్లలో ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, ఒకే యాప్‌లో రకాన్ని బట్టి విడిగా ఆపుకునే వీలుంది. డెస్క్‌టాప్ యాప్ తయారుచేసేవాళ్లు కనీసం తమ సెట్టింగ్స్‌లోనైనా అలా విడదీసి ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను. కబురు వల్ల మేం వెంటనే చేయాల్సిన పనేదీ లేకపోతే శబ్దం అసలు వద్దు.

నోటిఫికేషన్లు పంపడానికి వెబ్‌సైట్లు అడిగే అనుమతి మాత్రం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో 2020 జనవరి నుంచి హద్దులోకి వచ్చింది. పేజీలో మనం ఏదైనా నొక్కితే తప్ప ఆ ప్రశ్న ఎదురుగా రాదు. రిజల్ట్స్ చూడటానికి పిల్లలు వచ్చే సిస్టమ్‌లో అందుకే అదే ఉంచాం.

మొత్తానికి కస్టమర్ ముందు స్క్రీన్ పెట్టుకుని పనిచేసే షాపులకు విండోస్ 11ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. కొన్న రోజే డూప్లికేట్ రూల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, బ్యానర్ టైమ్ పెంచండి, ప్రయారిటీ జాబితాలో (డు నాట్ డిస్టర్బ్ ఉన్నా పైకి రానిచ్చేవి) రిమైండర్లు మాత్రం ఉంచి మెసేజింగ్ యాప్‌లు తీసేయండి.