కోఠి చాచా బాగుచేసిన నాన్న బైనాక్యులర్

నాన్న బైనాక్యులర్ 12 ఏళ్లు బీరువాలోనే ఉండిపోయింది. ఈ వేసవిలో బయటికి తీసి చూస్తే లోపలి అద్దాల మీద సాలెగూడు లాంటి బూజు. కళ్లకు పెట్టుకుంటే ఒక్క కొంగ రెండు కొంగలుగా కనబడుతోంది, అయిదు నిమిషాలకే తలనొప్పి. ఒక పెద్ద కెమెరా షాపుకి పట్టుకెళ్తే చేతిలోకైనా తీసుకోలేదు. "పాతది మేడమ్, కొత్తది కొనుక్కోండి" అన్నారు. చాలా బాధేసింది. నాన్న నన్ను గండిపేట కట్ట మీద కూర్చోబెట్టి పిట్టల పేర్లు నేర్పించింది దీనితోనే.

మా స్కూల్లో లెక్కల సారు ఈ చాచా గురించి చెప్పారు. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల వెనక సందు, మేడ మీద గది. బోర్డు ఉండదు, కింద జిరాక్స్ షాపులో అడిగితే చూపిస్తారు. చాచా నా ముందే బైనాక్యులర్ విప్పి, టేబుల్ లైటు కింద పెట్టి చూపించారు. "అద్దం మంచిది బేటీ. కుడివైపు ప్రిజాన్ని మాత్రం బూజు తినేసింది. ఎంత తుడిచినా ఆ గుర్తు పూర్తిగా పోదు. ఆలోచించుకుని చెప్పు." డబ్బు మాట ఎత్తకముందే చెప్పిన మాట ఇది. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. మొత్తం 1,400 రూపాయలు.

తీసుకోవడానికి వెళ్లిన రోజు కిటికీ దగ్గర నిలబడి దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు వైపు గురిపెట్టారు. చిన్న స్క్రూడ్రైవర్‌తో పక్కనున్న మరను వెంట్రుకవాసి తిప్పడం, నా చేతికివ్వడం, "ట్యాంకు ఒకటుందా, రెండున్నాయా?" అని అడగడం. అలా అరగంట. నేను "ఒకటే చాచా" అని మూడుసార్లు చెప్పేదాకా వదల్లేదు.

అసలు పరీక్ష అమీన్‌పూర్ చెరువు దగ్గర. మా ఇంటికి దగ్గరే. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పొద్దున ఆరుంబావుకి వెళ్లి బుడుబుంగ కోసం వెతికాను. మునుగుడు కోడి అని కూడా అంటారు. ఏ బైనాక్యులర్‌కైనా ఇంతకన్నా గట్టి పరీక్ష లేదని నా అభిప్రాయం. జానెడు మీద కాస్త ఉంటుందేమో, పావురం కన్నా చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. ఇక్కడ మునిగి ఎక్కడో తేలుతుంది. వరుసగా మూడు మునకలు లెక్కపెట్టాను: 14 సెకన్లు, 17, 11. తేలిన ప్రతిసారీ కొత్తచోటే. రెండు బొమ్మలు కనబడే బైనాక్యులర్‌తో దాన్ని పట్టుకోవడం అయ్యే పని కాదు.

ఈసారి పట్టుకున్నాను. సుమారు 30 మీటర్ల దూరం. చెంపలు, మెడ ముదురు ఇటుక రంగు, నోటి మూల లేత పసుపు మచ్చ. ఆ మచ్చ అంత స్పష్టంగా చూసి ఎన్నేళ్లయిందో! మునిగే ముందు ఈకలు ఒంటికి అదుముకుని, మధ్యలోని గాలిని బయటికి పంపేసి, నీళ్లలోకి కాస్త దిగిపోయింది. ఆ చిన్న కదలిక కూడా కనబడింది. కాళ్లు శరీరానికి బాగా వెనక ఉండటంతో నేల మీద సరిగ్గా నడవలేదు గానీ నీళ్లలో అవే తెడ్లు. బాతుకున్నట్టు వేళ్లన్నిటినీ కలిపే పొర ఉండదు, ఒక్కో వేలికి విడిగా రెక్క లాంటి అంచు ఉంటుంది. దీనికి ఫ్లెమింగో దగ్గరి చుట్టమని డీఎన్‌ఏ పరిశోధనల్లో తేలిందంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంకా నమ్మడం లేదు.

జమ్ము పక్కన తేలుతున్న కుళ్లు నాచు కుప్పే గూడని తెలియడానికి చాలాసేపు పట్టింది. చెరువు నీళ్ల మీద తేలే గూడు కొట్టుకుపోకుండా చుట్టూ ఉన్న మొక్కలకు కట్టేసి ఉంటుంది. కట్ట మీదికి ఒక కుక్క రాగానే పొదిగే పక్షి లేచి, ముక్కుతో గబగబా తడి నాచు లాగి గుడ్ల మీద కప్పి, చప్పుడు లేకుండా నీళ్లలోకి జారింది. తెల్లగా పెట్టిన గుడ్లు ఆ తడి నాచు వల్లే రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆడా మగా ఇద్దరూ వంతులవారీగా మూడు వారాల దాకా పొదుగుతాయి.

ఇంకోవైపు మరో జంట పిల్లలతో ఉంది. ఒక పిల్ల తల్లి వీపెక్కి రెక్కల మధ్య దూరింది, చారల తల ఒక్కటే బయట. గుర్రప్పిల్ల సకిలించినట్టుండే కూత వినబడితే తిరిగి చూశాను. ఆ క్షణంలోనే తల్లి మునిగింది. పిల్ల వీపు మీదే ఉండిపోయిందో, జారిపోయిందో కనబడలేదు. తరవాత ఇద్దరూ వేరువేరుగా తేలారు.

ఇక లోపాలు. సూర్యుడికి ఎదురుగా చూస్తే కుడి కంటికి పల్చటి తెల్లపొర అడ్డొస్తుంది. చాచా ముందే చెప్పింది అదే. కంటి దగ్గర పెట్టిన కొత్త రబ్బరు కొంచెం వదులు, కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇబ్బంది. నాలుగు రోజులని చెప్పి తొమ్మిది రోజులు చేశారు, రసీదు ఇవ్వలేదు. మీరు ఇచ్చేముందు వస్తువుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు, ఆ టైంలో వెళ్లకండి. రబ్బరు సంగతి చెబితే సరైనది దొరికాక డబ్బు తీసుకోకుండా మారుస్తానన్నారు. వచ్చే నెల మా తమ్ముడి కెమెరా కూడా పట్టుకెళ్తున్నాను.