కవరులో ఎన్ని ముక్కలున్నాయి? ఆన్‌లైన్ వేలంలో పాత ప్యాటర్న్ల కొనుగోలు, అమ్మకం

కుట్టు, అల్లిక, ఎంబ్రాయిడరీ ప్యాటర్న్లను (అంటే ఆ పనులకు వాడే నమూనాలను) ఆన్‌లైన్ వేలంలో పాడుకోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. పని అయిపోయిన ప్యాటర్న్లను అదే వేలంలో అమ్మడం ఆ తరువాత మొదలైంది. రెండు వైపులా నిలబడి చూశాను కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. అచ్చు ఆగిపోయిన పాత కాగితపు ప్యాటర్న్ కోసం వెతికేవారికి ఇంతకు మించిన చోటు నాకు కనబడలేదు. ఇప్పటికీ ప్రచురణలో ఉన్న ప్యాటర్న్ కోసమైతే ఇక్కడికి రావలసిన పనే లేదు. ఇక అమ్మకందారు ఎలాంటివారో తెలుసుకోవాలంటే, వారి పేరు పక్కన ఉన్న నక్షత్రాల కన్నా, కవరులోని కాగితపు నమూనా ముక్కలను వారు లెక్కపెట్టారా లేదా అన్నదే నాకు ఎక్కువ చెబుతుంది.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో కుట్టుపని తెలిసినవారికి వివరించనక్కరలేదు. అమెరికన్ దర్జీ ఎబెనీజర్ బటరిక్ 1863లో వేర్వేరు సైజులలో కాగితపు ప్యాటర్న్లను అమ్మకానికి తెచ్చారు. ఇప్పుడు వేలంలో కనిపించే పాత ప్యాటర్న్ సాధారణంగా ఇలా ఉంటుంది: పలుచని టిష్యూ కాగితం, ఒక సూచనల పత్రం, పైన బొమ్మ ఉన్న కవరు. ఒకసారి కత్తిరించి వాడిన ప్యాటర్న్‌ను తిరిగి మడిచి పెట్టేటప్పుడు పెద్ద ముక్కలు ఎక్కడికీ పోవు. కాలరు, జేబు, ఫేసింగ్ (అంచు లోపలి వైపు కుట్టే పట్టీ) వంటి చిన్నవే జారిపోతాయి, అవి లేకపోతే మిగిలినవాటితో పని జరగదు. బాగా పాతవాటిలో కాగితం మీద అచ్చు కూడా ఉండదు, గుర్తుల కోసం చిల్లులు మాత్రమే ఉంటాయి. సూచనల పత్రం పోయిందంటే ఏ ముక్క ఎక్కడిదో ఆకారాన్ని బట్టి ఊహించుకోవలసిందే. అందుకే కత్తిరించనిదని, మొదటి మడతలు విప్పనిదని చెప్పే ప్యాటర్న్‌కు పాట అంతగా పెరుగుతుంది. ప్రకటనల్లో ‘అన్‌కట్’, ‘ఫ్యాక్టరీ ఫోల్డ్స్’ అన్న మాటలకు అర్థం ఇదే.

నేను మొదట్లో పాడుకున్న ఒక కోటు ప్యాటర్న్ గురించిన ప్రకటనలో ‘పూర్తిగా ఉంది, కవరు కొద్దిగా చిరిగింది’ అని రాసి ఉంది. కవరు వారు చెప్పినట్లే ఉంది కానీ, కోటు చేతికి సంబంధించి పై ముక్క ఉండి కింది ముక్క లేదు. అడిగితే, కవరు మందంగా ఉండడం చూసి అన్నీ ఉన్నాయనుకున్నామని అమ్మకందారు జవాబిచ్చారు. మందం చూసి చెప్పడానికి ఇది పాత పేపర్ల కట్ట కాదు కదా! అయితే ఆయన వాదించలేదు, అదే రోజు డబ్బు వెనక్కి ఇచ్చారు, ప్యాటర్న్‌ను కూడా నన్నే ఉంచుకోమన్నారు. నేను మంచి రేటింగే ఇచ్చాను. ఆ రేటింగ్ ఆయన మర్యాదకు దక్కిందే తప్ప సరుకు గురించి ఆయనకున్న జ్ఞానానికి కాదని తరువాత తట్టింది; నా తరువాత ఆ నక్షత్రాలు చూసి పాట పెట్టేవారికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ఈ రేటింగుల పద్ధతికి కొంత చరిత్ర ఉంది. పియర్ ఒమిడ్యార్ 1995లో ‘ఆక్షన్‌వెబ్’ పేరుతో మొదలుపెట్టి, తరువాత ఈబేగా మారిన సైటులో 1996 నుంచి కొనేవారు, అమ్మేవారు ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు ఉండేది. తాను చెడుగా రాస్తే అవతలివారు కూడా అలాగే రాస్తారన్న భయంతో చాలామంది కొనుగోలుదారులు నోరు మెదిపేవారు కాదు. 2008లో ఆ సైటు నిబంధన మార్చి, అమ్మేవారు కొనేవారికి చెడు రేటింగ్ ఇవ్వకుండా చేసింది. కొనేవారిగా నాకు ఈ మార్పు నచ్చింది. అమ్మేవారిగా మాత్రం, పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమైన వ్యక్తి గురించి మరొక అమ్మకందారును హెచ్చరించే దారి లేక, నా మటుకు ఆ వ్యక్తిని బ్లాక్ చేసుకుని ఊరుకోవలసి రావడం కష్టంగానే ఉంది. కొనేటప్పుడు నేను చేసే పని ఒకటుంది: మొత్తం రేటింగ్‌ను పక్కన పెట్టి, ఆ అమ్మకందారు ఇంతకు ముందు ప్యాటర్న్లు అమ్మినప్పుడు వచ్చిన వ్యాఖ్యలను మాత్రమే చదువుతాను. ఫోను కవర్లు వేలకొద్దీ అమ్మి సంపాదించిన పేరు టిష్యూ ముక్కల విషయంలో పనికిరాదు.

వేలం నడిచే తీరు తెలిసినవారు నష్టపోవడం తక్కువ. ఇటువంటి సైట్లలో మనం ఇవ్వదలచిన గరిష్ఠ మొత్తాన్ని ఒకసారి చెబితే, అవతలివారి పాటను దాటడానికి కావలసినంత మేరకే యంత్రం మన తరఫున పెంచుతుంది. గెలిచినవారు దాదాపుగా రెండో హెచ్చు పాట ధరే చెల్లిస్తారు. ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో విశ్లేషించిన రెండో ధర వేలానికి ఇది చాలా దగ్గరి పద్ధతి. సిద్ధాంతం ప్రకారం, మన మనసులోని ధరను మొదటే చెప్పేసి వెళ్లిపోవచ్చు. ఆచరణలో చివరి క్షణాల దాకా ఎవరూ కదలరు. ఆర్థికవేత్తలు ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నిర్ణీత సమయానికి ముగిసే ఈబే వేలాల్లో చివరి నిమిషపు పాటలు ఎక్కువని, ఆఖరున పాట వస్తే గడువు పొడిగించే అమెజాన్ వేలాల్లో అవి తక్కువని తేల్చారు. నేనూ చివర్లోనే పాట పెడతాను, కానీ అంకె ముందు రోజే కాగితం మీద రాసుకుంటాను. ఏ ఒక్క ప్యాటర్నూ లోకంలో ఆఖరిది కాదు. కవరు మీద అదే నంబరు ఉన్న ప్యాటర్న్ కొన్ని నెలలకు మరొకరి దగ్గర తేలుతుంది.

నంబరు అదే అయినా సైజు అదే కాకపోవచ్చు, అసలు సైజు అంకెనే నమ్మకూడదు. 1940లలో అమెరికన్ ప్యాటర్న్ కవరు మీద 14 అంటే ఛాతీ 32 అంగుళాలు. అదే అంకెకు ఇప్పటి కవర్ల మీద 36 అంగుళాలు. కాబట్టి కవరు వెనుక ముద్రించిన ఛాతీ కొలతను ఇవ్వని ప్రకటన నా దృష్టిలో అసంపూర్ణం. క్రోషేలో ఇటువంటిదే ఇంకో చిక్కు ఉంది: అమెరికన్ పద్ధతిలో సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు, కనుక ఏ దేశపు పరిభాషో చెప్పకుండా అమ్మితే కొన్నవారి అల్లిక అనుకున్నదానికి భిన్నమైన కొలతతో తయారవుతుంది. ఇస్త్రీతో గుడ్డ మీదికి ఎక్కించే ఎంబ్రాయిడరీ ట్రాన్స్‌ఫర్లను నేను వేలంలో కొనడం మానేశాను, ఎందుకంటే ఇంతకు ముందు వాడినదైతే సిరా పలచబడుతుంది, వాడనిదైనా ఏళ్లు గడిచాక ఎక్కుతుందో లేదో ఫోటోలో తెలియదు.

నకళ్ల సంగతి వేరుగా చెప్పాలి. అచ్చయిన అసలు ప్యాటర్న్‌ను కొన్నవారు దాన్ని తిరిగి అమ్ముకోవడాన్ని అమెరికా చట్టంలోని ‘మొదటి అమ్మకం’ సూత్రం అనుమతిస్తుంది. దాని ఫొటోకాపీని అమ్మడం వేరే వ్యవహారం, అది హక్కుదారుల అనుమతి లేని నకలు. పీడీఎఫ్ విషయంలో పరిస్థితి ఇంకా కఠినం. వాడిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మే వ్యాపారానికి ఇటువంటి సూత్రం వర్తించదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లో తీర్పు ఇచ్చింది. అయినా క్రాస్ స్టిచ్ చార్టుల (గళ్లలో గుర్తులతో చూపే ఎంబ్రాయిడరీ నమూనాల) వేలంలో ‘ఈమెయిల్‌లో పంపబడును’ అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. అది చూసిన వెంటనే నేను ఆ పేజీ మూసేస్తాను. రంగు దారాల నంబర్లు చదవలేనంత మసకగా ఉన్న నకలు చేతికి వచ్చి నేను ఒకసారి మోసపోయాను కూడా.

అమ్మేవైపు నుంచి చూస్తే కొనేవారిలో ఎక్కువ మంది సౌమ్యులే. నలుగురైదుగురు మాత్రం పాట పెట్టక ముందే ‘చార్టు స్పష్టంగా కనిపించేలా ఒక ఫోటో పంపగలరా?’ అని ఎంతో వినయంగా అడిగారు. చార్టు స్పష్టంగా కనిపిస్తే ఇక కొనవలసింది ఏముంటుంది? మొదటిసారి అమాయకంగా పంపాను; ఆ వ్యక్తి ఆ తరువాత పాట పెట్టలేదు. ఇప్పుడు చార్టు మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, కొద్దిగా దూరం నుంచి తీసిన ఫోటోనే పంపుతున్నాను. నాలుగైదు ప్యాటర్న్లు ఒకేసారి పాడుకున్నవారికి తపాలా ఖర్చు కలిపి లెక్కవేస్తే వారు తప్పకుండా మళ్లీ వస్తారు. కవరుకు రెండు వైపులా గట్టి అట్ట, తడి తగలకుండా ప్లాస్టిక్ సంచీ తప్ప ప్యాకింగ్‌లో పెద్ద విద్య ఏమీ లేదు.

ముక్కల లెక్క విషయానికి మాత్రం నా పద్ధతి మారలేదు. సూచనల పత్రంలోని పట్టికతో సరిచూసి, ముక్కలన్నింటినీ నేల మీద పరిచి ఫోటో తీసి, ప్రకటనలో ‘12కు 12 ఉన్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను’ అని రాస్తాను. ఈ మధ్య ఒక గౌను ప్యాటర్న్ కొన్నావిడ, కాలరు ముక్క లేదని, 11 మాత్రమే వచ్చాయని కొంచెం కటువుగానే రాశారు. నేను ఆ ఫోటో పంపి, మడతలు విప్పి ఒకసారి చూడమని, అప్పటికీ దొరకకపోతే డబ్బు తిరిగి ఇస్తానని రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. కాలరు ముక్క నడుము పట్టీ మడతలో అతుక్కుని ఉందట. ‘మీరు రెండుసార్లు లెక్కపెట్టారు, నేను ఒక్కసారే’ అని క్షమాపణ చెప్పి, అదే సందేశంలో ఆ గౌనుకు తగిన కోటు ప్యాటర్న్ నా దగ్గర ఏదైనా ఉందా అని అడిగారు.