కొలోసియమా, స్పెయిన్ కోటా: ఏ ఫైట్ మేలు?

"బ్రూస్ లీ గొప్పా, జాకీ చాన్ గొప్పా" అనే పంచాయితీ మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా తెగలేదు. అప్పట్లో అది మా అన్నయ్యకీ నాకూ మధ్య, ఇప్పుడు నాకూ మా మేనల్లుడికీ మధ్య. వాడు తొమ్మిదో తరగతి, కరాటేలో గ్రీన్ బెల్ట్. వాడొక్కడే కాదు, నాకు ఫైట్ల పిచ్చి అని తెలిసిన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతారు: "మార్షల్ ఆర్ట్స్ సినిమాల్లో ఒక్క ఫైటే చూడాలంటే ఏది చూడమంటావ్?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక అప్పటికి నోటికొచ్చిన పేరు చెప్పి తప్పించుకునేవాణ్ణి. మొన్న దసరా సెలవులకి మావాడు వచ్చినప్పుడు మాత్రం కుదరలేదు. "మామయ్యా, ఇవాళ తేలాల్సిందే" అని రిమోట్ చేతిలో పెట్టాడు.

మూడు ఫైట్లు వరసలో పెట్టుకున్నాం. మొదటిది 1972 నాటి 'వే ఆఫ్ ద డ్రాగన్'లో రోమ్ కొలోసియంలో బ్రూస్ లీకీ చక్ నోరిస్‌కీ జరిగేది. రెండోది 1984 నాటి 'వీల్స్ ఆన్ మీల్స్' చివర్లో, స్పెయిన్‌లో విలన్ కోటలో జాకీ చాన్‌కీ బెన్నీ ఉర్కిడెజ్‌కీ జరిగేది. మూడోది 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో ఆయుధాల హాల్లో మిషెల్ యో, జాంగ్ జీయీ తలపడేది. కథలు చెప్పను. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎలాగూ చూసే ఉంటారు, చూడనివాళ్ళకి కథ తెలియకపోయినా నష్టం లేదు.

ఫైట్‌ని దేంతో కొలవాలి? కొందరు వేగం చూస్తారు. కొందరు డూప్ లేకుండా, రోప్ (ఒంటికి తాడు కట్టి గాల్లోకి లేపడం) లేకుండా చేశాడా అని చూస్తారు. ఎన్ని నిమిషాలు కట్ లేకుండా తీశారో లెక్కపెట్టేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను చూసేది ఒక్కటే. ఓడిపోతున్నవాడు గెలవడానికి మధ్యలో ఏం మార్చుకున్నాడు?

మనం చూస్తూ పెరిగిన ఫైట్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హీరో మొదట తన్నులు తింటాడు. కింద పడతాడు. పెదవి చివర రక్తం కారుతుంది, బొటనవేలితో తుడుచుకుని దాన్ని చూసుకుంటాడు. అమ్మ ఏడుపు వినిపిస్తుంది, లేదంటే గుడి గంట మోగుతుంది, వాన కూడా మొదలైతే ఇంక చెప్పక్కర్లేదు. లేస్తాడు. అప్పటిదాకా తగలని అవే గుద్దులు ఇప్పుడు తగులుతాయి. మారింది ఏమిటంటే కోపం, అంతే. నేనూ ఈలలు వేశాను, కాదనను. కానీ రెండోసారి చూసినప్పుడు అదే చోట ఈల రాదు. కోపంతో గెలిచేవాడు మొదటి నిమిషంలోనే కోప్పడి ఉండొచ్చుగా అనిపిస్తుంది.

కొలోసియంలో అలా అనిపించదు. అక్కడ అసలు కొట్టుకోవడానికి ముందే ఇద్దరూ చెరోచోట ఒళ్ళు వేడెక్కించుకుంటారు. తొందరేమీ లేనట్టు కాళ్ళు సాగదీస్తారు, వేళ్ళు విరుస్తారు, మెడ తిప్పుతారు. చూస్తున్నది ఒక పిల్లిపిల్ల మాత్రమే. ఇప్పటి ఎడిటర్ అయితే ఈ భాగమంతా లేపేస్తాడు. నాకైతే ఫైట్ అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఎదుటివాడు సామాన్యుడు కాదని బ్రూస్ లీకి తెలుసని మనకి తెలిసేది అక్కడే. నోరిస్ నిజంగానే కరాటే ఛాంపియన్, పైగా లీకి స్నేహితుడు, కలిసి ప్రాక్టీస్ చేసినవాడు. ఈ పాత్ర కోసం లీ అడిగితే బరువు కూడా పెరిగాడు. పక్కపక్కన నిలబడితే ఆ తేడా కంటికి కనబడుతుంది.

మొదటి రెండు నిమిషాలు లీ ఓడిపోతాడు. సొంత సినిమా, కథ తనే, దర్శకత్వం తనే, ఫైట్లు కూర్చినదీ తనే, అయినా కింద పడతాడు. నేర్చుకున్న పద్ధతిలో, పాదాలు నేలకి ఆనించి, బిగుసుకుపోయి కొట్టడానికి చూస్తాడు, నోరిస్ బరువు ముందు అది పనిచేయదు. నేల మీద పెనుగులాటలో నోరిస్ ఛాతీ వెంట్రుకలు గుప్పెడు పీకి, అరచేతిలోంచి ఊదేస్తాడు. మా అన్నయ్య ఈ ముక్క దగ్గర ప్రతిసారీ పడీపడీ నవ్వేవాడు. అద్దెకి తెచ్చిన వీసీఆర్ తెల్లారేలోపు తిరిగివ్వాలి, ఈయన మాత్రం వెనక్కి తిప్పి తిప్పి ఆ వెంట్రుకలే చూసేవాడు.

ఇప్పుడు రిమోట్ పట్టుకుని ఆ తర్వాతి భాగం నెమ్మదిగా చూడండి. మొహం వైపు కాదు, కాళ్ళ వైపు. లీ మడమలు లేస్తాయి. అప్పటిదాకా నేలకి అతుక్కున్న పాదాలు ఎగరడం మొదలుపెడతాయి. ముందుకు, వెనక్కి, పక్కకి, ఒక తాళంలో. మహమ్మద్ అలీ బాక్సింగ్ ఫిల్ములు లీ శ్రద్ధగా చూసి నేర్చుకున్నాడు, ఆ సంగతి ఇక్కడ కాళ్ళలో కనిపిస్తుంది. నోరిస్ కొట్టే దెబ్బ ఒక జానెడు దూరంలో తప్పిపోతుంది, మళ్ళీ తప్పిపోతుంది. తర్వాత లీ మోకాలి మీద తన్నడం మొదలుపెడతాడు. కొత్త బలం రాలేదు, కోపం రాలేదు, అమ్మ గుర్తుకు రాలేదు. పద్ధతి మారింది, అంతే. మారిన పద్ధతి చూసేవాడికి పాదాల్లో కనబడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. నిజానికి ఆ ఫైట్‌లో మాటలే లేవు.

దాని చివర నాకు ఇంకా ఇష్టం. కాలూ చెయ్యీ పనిచేయని నోరిస్ లేచి నిలబడతాడు. వద్దు, ఆపెయ్యి అన్నట్టు లీ తల అడ్డంగా ఊపుతాడు. వాడు వినడు. మెడ పట్టి చంపక తప్పదు. చంపాక నోరిస్ కరాటే చొక్కా, నల్ల బెల్టు తెచ్చి శవం మీద కప్పి మోకాళ్ళ మీద కూర్చుంటాడు. మా మేనల్లుడు అప్పటిదాకా చిప్స్ తింటూ ఉన్నవాడు తినడం ఆపేశాడు. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రోమ్‌లో అసలు కొలోసియంలో తీసిన షాట్లు కొన్నే. ఫైట్‌లో ఎక్కువ భాగం హాంకాంగ్ స్టూడియోలో సెట్ వేసి తీశారు. ఇప్పటి పెద్ద టీవీలో చూస్తే వెనక గోడలు బొమ్మలని ఇట్టే తెలిసిపోతుంది. పిల్లిపిల్ల మీదికి మాటిమాటికీ కట్ చేయడం కూడా కాస్త అతి. వీసీఆర్ రోజుల్లో ఇవేవీ కనబడలేదు.

ఇక కోట. పనితనం మాత్రమే చూసి మార్కులు వేస్తే దీనికే ఎక్కువ వేయాలి, మొహమాటం లేకుండా చెప్తున్నా. సమో హంగ్ దర్శకత్వం. సమో, జాకీ, యూన్ బియావ్ ముగ్గురూ హాంకాంగ్‌లో ఒకే గురువు దగ్గర పెకింగ్ ఆపెరా (పాట, ఆట, గెంతులు, ఫైట్లు కలిసిన చైనా సంప్రదాయ నాటకం) నేర్చుకుంటూ చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవాళ్ళు. కాబట్టి జాకీ ఎక్కడ తిరిగితే బావుంటుందో, కెమెరా ఎక్కడ పెడితే ఆ తిరగడం కనబడుతుందో సమోకి చెప్పే పనే లేదు. ఉర్కిడెజ్ అమెరికన్ కిక్‌బాక్సింగ్ ఛాంపియన్. 'జెట్' అని ముద్దుపేరు. ఒక తన్ను తంతాడు, జాకీకి తగలదు, ఆ ఊపుకి లేచిన గాలికి పక్కన వెలుగుతున్న కొవ్వొత్తులు ఆరిపోతాయి. ఆ షాట్ దగ్గర మావాడు రిమోట్ లాక్కున్నాడు. ఆరుసార్లు చూశాం. తర్వాత వంటింట్లో కరెంటు పోతే వాడదామని దాచిన కొవ్వొత్తి ముక్క వెలిగించి, హాల్లో స్టూలు మీద పెట్టి వాడూ ప్రయత్నించాడు. కొవ్వొత్తి ఆరలేదు, స్టూలు మాత్రం పడింది. మా అక్క నన్ను తిట్టింది, వాణ్ణి కాదు.

ఇందులోనూ మధ్యలో మలుపు ఉంది. జాకీ చితికిపోతాడు. చొక్కా చిరిగి, ఊపిరి ఆడక, ఏం చేసినా ఎదుటివాడు రెండింతలు తిరిగిస్తుంటే, ఒక క్షణం ఆగుతాడు. బిగుసుకున్న భుజాలు వదులు చేసుకుంటాడు. ఇది ప్రాణాల మీదికొచ్చిన పోట్లాట కాదు, రోజూ చేసే ప్రాక్టీస్ అనుకుందాం అని తనకి తాను నచ్చజెప్పుకుని మళ్ళీ దిగుతాడు. అక్కడినుంచి మనిషి తేలికవుతాడు. పరీక్ష హాల్లో టెన్షన్ పడి అన్నీ మర్చిపోయినవాడు ఒక గుటక నీళ్ళు తాగి మళ్ళీ పెన్ను పట్టుకున్నట్టు ఉంటుంది. మా మేనల్లుడి ఓటు దీనికే. వాడి వాదన బలమైనదే: "బ్రూస్ లీలా నేను ఎగరలేను మామయ్యా. కానీ టోర్నమెంట్లో మా సార్ నాకు రోజూ చెప్పేది ఇదే, లూజుగా ఉండరా అని."

మరి నేనెందుకు దీన్ని మొదటి స్థానంలో పెట్టలేదు? జాకీ తేలికయ్యాక గెలవడం కనబడుతుంది కానీ ఎలా గెలిచాడన్నది అంత స్పష్టంగా కనబడదు. మనసు మారిందని నమ్మాలి. లీ విషయంలో నమ్మక్కర్లేదు, చూస్తే చాలు. ఇంకోటి, అదే సమయంలో పక్క గదుల్లో సమో, యూన్ బియావ్ ఫైట్లు కూడా నడుస్తుంటాయి, మధ్యమధ్యలో అటు కట్ చేస్తారు. యూన్ బియావ్ ఒంటి విన్యాసాలు చూడముచ్చటగా ఉంటాయి, ఒప్పుకుంటా. కానీ అన్నం తింటుంటే మధ్యలో ఎవరో వచ్చి స్వీటు పెట్టినట్టు. సినిమా కామెడీ కాబట్టి చావుబతుకుల బరువు కూడా దీనికి రాదు, అది దాని తప్పు కాదు.

ఒక్క విషయంలో మాత్రం రెండూ సమానం. రెండింటిలోనూ మనిషి తల నుంచి పాదం దాకా ఫ్రేమ్‌లో ఉంటాడు. ఎవడు ఎవణ్ణి ఎక్కడ కొట్టాడో తెలుస్తుంది. కెమెరా ఊపి, మూడు ముక్కలుగా కోసి, సౌండ్‌తో దెబ్బ పుట్టించే ఫైట్లు చూసి చూసి వీటి దగ్గరికొస్తే కళ్ళకి ప్రాణం లేచొస్తుంది.

ఆయుధాల హాలు గురించి వేరే లెక్క. ఇక్కడ మార్చుకునేది ఆయుధం. జాంగ్ చేతిలో గ్రీన్ డెస్టినీ, దేన్నయినా కోసేసే కత్తి. మిషెల్ యో చేతిలో జంట కత్తులు, పోతే ఈటె, పోతే కొక్కేల కత్తులు. ఒకటి విరిగితే గోడకున్న ఇంకోటి. మధ్యలో బాగా బరువైనదొకటి ఎత్తబోయి దాంతోపాటే తనూ ముందుకు తూలుతుంది. అంత సీరియస్ ఫైట్‌లో ఆ చిన్న నవ్వు పెట్టిన ఫైట్ మాస్టర్ యూన్ వూ పింగ్‌కి దండం పెట్టాలి. నేర్పు యోది, మంచి కత్తి జాంగ్‌ది. చివరికి విరిగిపోయిన కత్తి ముక్కతోనే యో జాంగ్ మెడ దాకా వచ్చి ఆపేస్తుంది, చంపదు. ఆ దయ చూపిన మరుక్షణం జాంగ్ ఆమె చెయ్యి కోస్తుంది. ఓడింది ఎవరు, గెలిచింది ఎవరు? ఈ ప్రశ్న మిగతా రెండు ఫైట్లలో లేదు. ఇదే సినిమా షూటింగ్‌లో యో మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించుకుంది. అది తెలిశాక ఆ కాళ్ళని చూసే చూపు మారుతుంది. వెదురు చెట్ల మీద తేలే ఫైట్‌కే పేరెక్కువ గానీ, నన్నడిగితే రోప్‌లు తక్కువగా వాడిన ఈ హాలే ఆ సినిమాకి గుండెకాయ. కొలోసియం లేకపోతే దీన్నే మొదట పెట్టేవాణ్ణి.

మిగతావి చాలామంది అడిగేవే కాబట్టి టూకీగా. 'ఓల్డ్‌బాయ్' కారిడార్, 2003: సుత్తితో ఒక్కడు, ఒక్క షాట్, మూడు రోజుల్లో పదిహేడు టేకులు. అలసట చూపించడంలో దీన్ని మించింది లేదు, కానీ అది మార్షల్ ఆర్ట్ కాదు, వీధి కొట్లాట. టోనీ జా 2005లో 'టామ్ యమ్ గూంగ్'లో రెస్టారెంట్ మెట్లెక్కుతూ నాలుగు నిమిషాలు కట్ లేకుండా కొట్టింది: కెమెరామన్‌కి సన్మానం చేయాలి, ఎదురు నిలిచినవాడు ఒక్కడూ లేడు కాబట్టి నా కొలతకి రాదు. ఇండోనేషియా 'ద రెయిడ్', 2011, అన్నదమ్ములిద్దరూ ఒక్క పొట్టివాడి చేతిలో తన్నులు తినడం: సిలాట్ (అక్కడి మార్షల్ ఆర్ట్) చూడాలనుకుంటే ఇదే, కడుపు నిండా అన్నం తిన్నాక వద్దు. 'ఇప్ మ్యాన్'లో పదిమందిని కొట్టడం, 2008: డానీ యెన్ చేతుల వేగం సరే, అది కోపం ఫైటే, పైన చెప్పానుగా.

మా ఇంట్లో ఓట్లు తేలలేదు. ఒకటి కొలోసియంకి, ఒకటి కోటకి, మా అక్క వంటింటి గుమ్మంలోంచి చూసి మిషెల్ యోకి వేసింది. జాకీ, ఉర్కిడెజ్ నాలుగేళ్ళ తర్వాత 1988లో 'డ్రాగన్స్ ఫరెవర్'లో మళ్ళీ తలపడ్డారు. ఆ సంగతి మా మేనల్లుడికి ఇంకా చెప్పలేదు. చెప్తే ఈ రాత్రికే పెట్టమంటాడు, ఎల్లుండి వాడికి లెక్కల పరీక్ష.