వర్డ్‌రిఫరెన్స్: మెక్సికోలో ఉంటూ కొన్నేళ్లుగా వాడుతున్న స్పానిష్-ఇంగ్లీషు నిఘంటువు

మెక్సికోలోని గ్వాదలహారాలో ఉద్యోగం చేస్తున్న నాకు స్పానిష్ అర్థం చేసుకోవడానికి మధ్యలో ఉన్న భాష ఇంగ్లీషే. అందుకు నేను రోజూ తెరిచేది వర్డ్‌రిఫరెన్స్. 1999లో మైఖేల్ కెల్లాగ్ ప్రారంభించిన ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఇది. ఇన్నాళ్లు వాడాక ధైర్యంగా చెప్పగలను: స్పానిష్ మాట్లాడే దేశంలో బతకాల్సినవారికి ఇంతకంటే ఉపయోగపడే ఉచిత సాధనం నాకు కనిపించలేదు.

దీని అసలు బలం ఒక మాటకు ఒకే అర్థం ఇచ్చి ఊరుకోకపోవడం. ‘కెదార్’ అనే క్రియను చూడండి. దుకాణంలో ‘కెదాన్ దోస్’ అంటే రెండే మిగిలాయని. దారి అడిగేటప్పుడు ‘దోందే కేదా’ అంటే అది ఎక్కడుందని. బట్టలు వేసుకుని చూసుకుంటున్నప్పుడు ‘తె కేదా బియెన్’ అంటే నీకు బాగా నప్పిందని. స్పెయిన్‌లో స్నేహితులు సాయంత్రం కలుద్దామని అనుకోవడానికీ ఇదే క్రియ. మొదటి అర్థం ‘ఉండిపోవడం’ అని ఒక్కటే బట్టీపట్టినవారికి వీటిలో ఏదీ అందదు. వర్డ్‌రిఫరెన్స్ ఈ అర్థాలను వరసలుగా విడదీసి, చాలావాటి కింద రెండు భాషల్లోనూ ఉదాహరణ వాక్యం ఇస్తుంది. నేను ముందు వాక్యం చదివి, తర్వాతే అర్థం చూస్తాను. కొత్తవారికి కూడా ఇదే పద్ధతి చెబుతాను.

రెండో బలం, ఏ అర్థం ఏ దేశానిదో చెప్పే గుర్తులు. ‘కమియోన్’ స్పెయిన్‌లో లారీ. ఇక్కడ మనుషులెక్కే సిటీ బస్సు కూడా. ‘తోర్తా’ చాలా దేశాల్లో కేకు. మెక్సికోలో రొట్టె మధ్య మాంసమో బీన్సో పెట్టి ఇచ్చేది. ‘కొహేర్’ సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి హాయిగా వాడే ఆ క్రియ మెక్సికోలో, అర్జెంటీనాలో పచ్చి బూతు. అర్థం పక్కనుండే ఆ చిన్న గుర్తును దాటేసి చదవకూడదు. ఉచ్చారణ కూడా వినవచ్చు.

ఇక ఇంగ్లీషు అర్థం ఒక్కటే సరిపోని చోట్లు. ‘అఓరితా’కు ‘ఇప్పుడే’ అన్న అర్థం దొరుకుతుంది. మెక్సికోలో అది రెండు నిమిషాలు కావచ్చు, సాయంత్రం కావచ్చు. చెప్పే గొంతును బట్టి తెలుసుకోవాల్సిందే. ఎవరైనా పిలిస్తే ఇక్కడివారు ‘మాందే’ అంటారు. ఇంగ్లీషులో అది ‘ఏమిటి?’గా మారి మొరటుగా వినిపిస్తుంది. పెద్దవాళ్లు పిలిచినప్పుడు మనం ‘చెప్పండి’ అంటామే, దాదాపు అదీ దాని మర్యాద.

ఇక్కడే తెలుగువారికి ఒక లాభం ఉంది, దాన్ని వదులుకోవద్దు. ‘తూ’, ‘ఉస్తెద్’ రెండూ ఇంగ్లీషులో ఒకే మాటగా కలిసిపోతాయి. మనకు నువ్వు, మీరు ఉన్నాయి. ‘మె గూస్తా’ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ‘నేను ఇష్టపడతాను’ అన్న నిర్మాణంతో తికమకపడతారు. అది అచ్చంగా మన ‘నాకు నచ్చుతుంది’. అందుకే అర్థం ఇంగ్లీషులో చూసినా నా పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటాను. అలా రాసుకున్న మాటలే నాలుకకు త్వరగా అలవాటయ్యాయి.

వర్డ్‌రిఫరెన్స్‌తో పూర్తి వాక్యాలను అనువదించుకోవాలనుకుంటే కుదరదు, అది దీని పని కాదు. అక్షరాలు, మొదటి పలకరింపులు నేర్చుకుంటున్నవారికి ఇన్ని అర్థాలు బరువనిపిస్తాయి. క్రియా రూపాలు కొంత పరిచయమయ్యాక మొదలుపెట్టడం మంచిది. క్రియ పక్కనున్న లంకె నొక్కితే అన్ని కాలాల రూపాల పట్టిక వస్తుంది, పరీక్షలకు చదివేవారికి అదొక్కటే చాలు. లాటిన్ అమెరికాకే ప్రత్యేకమైన మాట ఇందులో దొరకకపోతే నేను స్పానిష్ భాషా అకాడమీల సంఘం 2010లో వెలువరించిన ‘దిక్సియోనారియో దె అమెరికానిస్మోస్’ చూస్తాను. అదీ ఆన్‌లైన్‌లో ఉచితమే. కాకపోతే వివరణలన్నీ స్పానిష్‌లోనే ఉంటాయి కాబట్టి, కొంతకాలం వర్డ్‌రిఫరెన్స్ వాడాకే దాని జోలికి వెళ్లండి.