లీడ్స్ కోటలో మూడు తరాలు కలిసి ఒక రోజు

ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా లండన్‌లోని తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. వీళ్లకు ఏ కోట చూపించాలి? విండ్సర్ అని ఒకరంటే, వార్విక్ అని ఇంకొకరు అంటారు. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య, చరిత్ర అంటే చెవి కోసుకునే మామయ్య, నడక అంటే పరుగే అనుకునే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఈ నలుగురూ ఒకే రోజు సంతోషంగా గడపగలిగిన చోటు కెంట్‌లోని లీడ్స్ కోట.

విండ్సర్ రాజుగారి నివాసం, వైభవానికి లోటు లేదు. కానీ మంగళ, బుధవారాల్లో మామూలుగా తెరవరు, లోపల ఫొటోలు తీయనివ్వరు. పిల్లలను గదుల మధ్య చేయి పట్టుకుని నడిపించడంతోనే సరిపోతుంది. వార్విక్ అయితే ఆటలు, ప్రదర్శనలతో పిల్లలకు పండగే. ఆ హడావిడి మధ్య పెద్దవాళ్లకు కాస్త కుదురుగా కూర్చోవాలని అనిపిస్తుంది. డోవర్ కోట అంటే నాకు ప్రాణం. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి సైనికులను తరలించిన వ్యవహారమంతా అక్కడి సొరంగాల్లోంచే నడిచింది. అయితే అది కొండ మీది కోట. ఎక్కడానికి మోకాళ్లు సహకరించాలి.

పేరు చూసి ఉత్తరాన ఉన్న లీడ్స్ నగరానికి దారి పెట్టుకోకండి. ఈ కోట మెయిడ్‌స్టోన్ పక్కన, ఎమ్20 రహదారి ఎనిమిదో జంక్షన్ దగ్గర ఉంది. కారు లేకపోతే లండన్ విక్టోరియా నుంచి బేర్‌స్టెడ్ వరకు రైలుంది. అది చిన్న స్టేషన్ కాబట్టి అక్కడి నుంచి టాక్సీ ముందే మాట్లాడుకోవడం మంచిది.

టికెట్ ధర వినగానే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ ఒకసారి కొన్న టికెట్ ఏడాది పొడవునా చెల్లుతుంది. సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు మామూలుగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. వసంతంలో డాఫోడిల్ పూలు విరగబూసినప్పుడు ఒకసారి, తిరుగు ప్రయాణానికి ముందు ఆకులు రంగు మారేటప్పుడు ఇంకోసారి వెళితే కొన్న టికెట్‌కు పూర్తి న్యాయం జరుగుతుంది. అందుకే వాళ్లు వచ్చిన కొత్తలోనే కొనమని అందరికీ చెబుతాను.

కారు ఆపిన చోటి నుంచి కోట దాకా తోటల మధ్యగా, నీటి పక్కన చాలా దూరమే నడవాలి. నెమళ్లు, నల్ల హంసలు కనిపిస్తుంటే పిల్లలకు ఆ దూరం తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం లోపల తిరిగే చిన్న బండి ఆ రోజు నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

పొద్దున్నే కోట లోపలికి వెళ్లిపోవాలి. మధ్యాహ్నానికి జనం పెరుగుతారు, పిల్లలకు ఓపిక తగ్గుతుంది. లెన్ నది నీటితో ఏర్పడిన సరస్సులో రెండు దీవుల మీద కట్టిన కోట ఇది. 1119లో మొదలైన ఈ కోట 1278లో మొదటి ఎడ్వర్డ్ భార్య ఎలినార్ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరుగా రాణుల సొత్తయింది. పిల్లలను కట్టిపడేసే కథ 1321 నాటిది. రాణి ఇజబెల్లా ఒక రాత్రి బస కోసం వస్తే కోట అధిపతి భార్య తలుపు తీయనివ్వలేదు. పైనుంచి బాణాలు కురిశాయి, రాణి మనుషులు కొందరు చనిపోయారు. దాంతో రాజు రెండో ఎడ్వర్డ్ సైన్యంతో వచ్చి కోటను ముట్టడించి పట్టుకున్నాడు.

మనం దూరం నుంచి చూసి మురిసిపోయే ప్రధాన భవనం మాత్రం అంత పాతది కాదు. అది 1823 నాటికి తిరిగి కట్టినది. లోపలి గదుల్లో ఎక్కువ భాగం, 1926లో కోటను కొన్న లేడీ బెయిలీ అభిరుచి. ఈ సంగతి ముందే చెబితే మామయ్యలాంటివాళ్లు ఏ గోడ ఏ కాలానిదో వెతుక్కుంటూ ఇంకా శ్రద్ధగా చూస్తారు. అత్తయ్య, ఐదో హెన్రీ భార్య అయిన రాణి కేథరిన్ స్నానాల గది దగ్గర ఆగిపోయింది. చుట్టూ తెల్లటి గుడ్డ తెరలు కట్టిన తొట్టె అది. "ఈ చలిలో అన్ని నీళ్లు కాచి మోసినవాళ్లు ఎవరో పాపం, అమ్మాయ్" అంది. లోపల మెట్లున్నాయి, పిల్లల బండిని బయటే వదలాలి.

ద్వారం పక్కనే కుక్కల మెడపట్టీల మ్యూజియం ఉంది. చిన్నదే కదా అని దాటేయకండి. అందులో ఇనుప ముళ్లు తేలిన మందపాటి పట్టీలున్నాయి. వేటకు వెళ్లిన కుక్కల మెడను తోడేళ్లు, ఎలుగుబంట్లు కొరకకుండా వేసినవి. పక్కనే మెరుగు పెట్టిన ఇత్తడి పట్టీల మీద యజమానుల పేర్లు చెక్కి ఉన్నాయి. మా పిల్లలు రాజుల చిత్రాల కన్నా వీటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

భోజనం తర్వాత మేజ్‌కు వెళ్లాలి. 2,400 యూ చెట్లతో పెంచిన దారుల చిక్కుముడి ఇది. మధ్యలోని దిబ్బ చేరితే, గవ్వలతో అలంకరించిన గుహలోంచి నేల కిందుగా బయటికి వస్తాం. లోపలికి వెళ్లేముందు మామయ్య పిల్లలకు అభిమన్యుడి కథ చెప్పాడు. ఇక వాళ్ల పట్టుదల చూడాలి! అత్తయ్య అంతసేపూ సరస్సు గట్టు మీది బల్ల మీద హాయిగా కూర్చుంది. పెద్దవాళ్లను మేజ్‌లోకి లాక్కెళ్లవద్దు. తప్పు దారి పట్టిన ప్రతిసారీ వెనక్కి నడవాలి, లోపల కూర్చోవడానికి చోటు దొరకదు.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని తినవచ్చు. పులిహోర, దద్దోజనం, కాస్త ఆవకాయ ఉంటే చాలు. టీ, ఐస్‌క్రీం అక్కడ కొనుక్కోవచ్చు.

ఉండటానికి ఎస్టేట్‌లోనే గదులు, కాటేజీలు, వేసవిలో గుడారాలు ఉన్నాయి. లండన్ నుంచి వెళ్లేవాళ్లకు బస అవసరం లేదు, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ల నుంచి వచ్చే కుటుంబాలు మాత్రం వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే పెద్దవాళ్లకు రాత్రి వేడి అన్నం, చారు దొరుకుతాయి. గుడారాలు పిల్లలకు సరదా, కానీ నడుం నొప్పి ఉన్నవాళ్లకు నేను సిఫారసు చేయను. కాటేజీలు కొన్నే కాబట్టి, పెద్దవాళ్ల విమానం టికెట్లు ఖాయం కాగానే వీటినీ ఖాయం చేసుకోండి.